దర్వాజ మీద అమ్మ సర్వీసు

మా ఇంటి దర్వాజ కుడిపక్క ద్వారబంధపు చెక్క ఒకసారి ట్రాలీ ఆటో ఎక్కి నల్లగొండ వెళ్లింది. వెళ్లింది వెళ్లినట్టే ఏడాది దాటేదాకా ఇంటికి రాలేదు. ఈ మాట చెబితే మా బడిలో తోటి టీచర్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే, నా కళ్లతో చూసిన వాటిలో అంత పెద్ద సంగతి మరొకటి లేదనిపిస్తుంది.

మాది మర్రిగూడ మండలంలో చిన్న ఊరు. పత్తి, కంది, వాన పడితే పంట. బోరు నీళ్లు చూడటానికి తేటగానే ఉండేవి. వాటిలో ఫ్లోరైడ్ ఉందనీ, అది పళ్లకు గార పట్టించి ఎముకలను వంచుతుందనీ బయటివాళ్లు పేపర్లలో చదివి తెలుసుకున్నారు. మేం మా అరుగుల మీద కూర్చున్న మనుషులను చూసి తెలుసుకున్నాం.

నాయిన పద్దెనిమిదేళ్లకే మిలిటరీలో చేరాడు. భర్తీ ర్యాలీలో గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచారట. కావలసిన దానికంటే వెంట్రుకవాసి ఎక్కువ వచ్చిందట. ఆ వెంట్రుకవాసే తనకు అన్నం పెట్టిందని ఆయన నమ్మకం. అందుకే ఆయనకు కొలవడం మీద అంత గురి. పెళ్లయ్యాక మొదటి సెలవుకు వచ్చినప్పుడు అమ్మను దర్వాజకు ఆనించి నిలబెట్టి, నెత్తి మీద స్కేలు పెట్టి, మేకుతో గీత గీశాడు. గీత పక్కన నెల, సంవత్సరం, తను ఏ జాగా నుంచి వచ్చాడో ఆ పేరు చిన్న చిన్న అక్షరాలతో చెక్కాడు.

"మా ర్యాలీకి వస్తె నువ్వు ఫేలే" అని ఏడిపించాడట.

"నేనేమన్న తుపాకి మొయ్యాల్నా? నీళ్ల బిందె మొయ్యనీకి గీ ఎత్తు చాలు" అందట అమ్మ.

అప్పటి నుంచి అది మా ఇంటి ఆనవాయితీ అయింది. నాయిన సెలవుకు రావాలి, ట్రంకు పెట్టె దించాలి, కాళ్లు కడుక్కోవాలి, ఆ వెంటనే అమ్మను దర్వాజ దగ్గర నిలబెట్టాలి. చాయ తాగడం కూడా ఆ తర్వాతే. నాకు నడక వచ్చాక నా గీతా చేరింది. నా గీతలు ఎడమ పక్క చెక్కకు, అమ్మవి కుడి పక్కకు. ఏటా నా గీత ఎంత పైకి పోయిందో చూసుకుని ఊరంతా చెప్పుకుంటూ తిరిగేదాన్ని.

మధ్యలో ఒకసారి ఫ్యామిలీ క్వార్టర్ దొరికింది, బయల్దేరి రమ్మని నాయిన ఉత్తరం రాశాడు. సరిగ్గా ఆ నెలలోనే మా అవ్వ, అంటే నాయిన తల్లి, మంచాన పడింది. అమ్మ వెళ్లలేదు. ఆ వంతు మళ్లీ రాలేదు. అవ్వకు సేవలు చేస్తూ, చేను చూసుకుంటూ, ఆ బోరు నీళ్లే తాగుతూ అమ్మ ఊళ్లో ఉండిపోయింది. నాయిన ఎక్కడెక్కడి నీళ్లో తాగాడు.

నాకు పదేళ్లప్పుడు అనుకుంటాను, నాయిన స్కేలు పట్టుకుని గీత గీస్తుంటే ఒక విచిత్రం కనిపెట్టాను. "నాయినా, నేను మీదికి పెరుగుతున్న, అమ్మ కిందికి పెరుగుతాంది!" అని చప్పట్లు కొట్టి గంతులేశాను. పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపించాను. అమ్మ కూడా నవ్వింది. నాయిన నవ్వలేదు. మొట్టమొదటి గీతకూ ఆనాటి గీతకూ మధ్య తన నాలుగు వేళ్లూ అడ్డంగా ఆనించి చూశాడు. సరిగ్గా పట్టాయి. ఆ గీత కూడా నిదానంగా గీసి, నెలా సంవత్సరం చెక్కి, మేకును తీసుకెళ్లి ట్రంకు పెట్టెలో వేశాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరినీ కొలవలేదు. నా అల్లరికి కోపం వచ్చిందేమో అని చాన్నాళ్లు అనుకున్నాను. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

పదిహేడేళ్ల సర్వీసు చేసి నాయిన తిరిగొచ్చాడు. రోకలిలా నిటారుగా వచ్చాడు. అమ్మ అప్పటికే వంగింది, ఆ తర్వాత ఇంకా వంగింది. నేను డిగ్రీలో చేరేనాటికి ఆమెకు మెడ తిరగదు, ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. వయసు ఇంకా నలభై నిండలేదు. ఒకసారి చండూరు బస్టాండులో ఎవరో పెద్దమనిషి అమ్మను చూపించి నాయినను "మీ అమ్మనా?" అని అడిగాడు. నాయిన ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు జిల్లాలోని మాజీ సైనికుల ఆఫీసు నుంచి నాయినకు ఉత్తరం వచ్చింది. కొత్త రాష్ట్రంలో మాజీ సైనికులకూ వాళ్ల కుటుంబాలకూ ముందుగా ఏం చేయాలో మీరే చెప్పండి, దర్బారు పెడుతున్నాం, మీ విన్నపాలు తెండి, పైకి పంపుతాం అని దాని సారాంశం. మా చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న మాజీ సైనికులందరిలో హుషారు పుట్టింది. ఒకరు నౌకరీల్లో కోటా అన్నారు, ఒకరు ఇంటి పన్ను మాఫీ అన్నారు. నాయినకు కావలసింది ఒక్కటే, నల్లగొండలో ఇంటి జాగా. అమ్మను ఆ నీళ్లకు దూరంగా, దవాఖానకు దగ్గరగా తీసుకుపోవాలి. ఇంకా వంగితే ఎదుటి మనిషి ముఖం చూడటం కూడా ఆమెకు కుదరదని డాక్టరు చెప్పాడు. ఉన్న ఎకరాలు అమ్ముదామంటే ఆ నీళ్ల ఊళ్లో కొనేవాడు లేడు.

ముందే కనుక్కుందామని నాయిన ఆఫీసుకు వెళ్లాడు. నన్ను వెంట తీసుకెళ్లాడు, అర్జీ రాసింది నేనే కాబట్టి. అక్కడి గుమాస్తా మంచివాడు, కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పాడు. జాగాల్లో ముందు వంతు యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లది, తర్వాత సర్వీసులో దెబ్బ తగిలినవాళ్లది, మిగిలినవాళ్లు ఆ వెనక.

"మీకు దెబ్బ తాకలే గదా?" అన్నాడు.

"నాకు తాకలే సార్. మా ఇంటామెకు తాకింది. నేను బార్డర్ల ఉన్నప్పుడు తాకింది" అన్నాడు నాయిన.

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. తర్వాత మెల్లగా, "మీరు నౌకరిల ఉన్నప్పుడే అయిందని ఎట్ల తెలుస్తది? మొన్న మొన్న అయిందంటరు గదా. ఏదన్న ఆధారం ఉంటె దర్బారుకు తీస్కరాండ్రి" అన్నాడు. ఆయన ఉద్దేశం పాత డాక్టరు చీటీ లాంటిదేదో. మా దగ్గర అలాంటిది లేదు. మా ఊళ్లో నడుం నొప్పికి చీటీ రాయించుకున్నవాళ్లు ఎవరున్నారు?

దర్బారుకు ముందురోజు పొద్దున్నే దబదబమని చప్పుడైతే బయటికి వచ్చాను. వడ్లాయన, మా ఊరి వడ్రంగి, గడ్డపార పట్టుకుని మా దర్వాజ కుడిపక్క గోడను తవ్వుతున్నాడు. నాయిన చెక్క పట్టుకుని నిలబడ్డాడు. మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది. తలుపు ఊడదీసి ఎండలో వేశారు.

"నాయినా, పిచ్చి గిట్ల లేసిందా నీకు? ఆధారమంటె కాగితం! దర్వాజ కాదు!" అని అరిచాను.

"కాగితంల నీ అమ్మ ఉన్నదా?" అన్నాడు నాయిన, తల తిప్పకుండానే.

నేను వినలేదు. అరవడం మానలేదు. రేపు అంతమంది ముందు నవ్వులపాలవుతామని, వాకిట్లో కూర్చుని ఏడ్చాను కూడా. అమ్మ మాత్రం గోనెసంచులు కుట్టి ఆ బొక్కకు అడ్డంగా కట్టింది.

బస్సులో ఆ చెక్కను ఎక్కించుకోనన్నారు. పత్తి మూటలు వేసే ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. గీతలు చెరిగిపోతాయని నాయిన చెక్కకు దుప్పటి చుట్టి తాళ్లు కట్టాడు. అమ్మ ముందు సీట్లో, మేమిద్దరం వెనక చెక్కకు అటొకరం ఇటొకరం. నాయిన మెడల్స్ పెట్టుకుని, మిలిటరీ టోపీ పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. చూసేవాళ్లకు అది శవయాత్రే. చండూరు దాటాక ఒకాయన సైకిల్ దిగి, చెప్పులు విడిచి, మాకు దండం పెట్టాడు. అమ్మ ముందు నుంచి, "చూసినవా, నీ చెక్కకు మొక్కుతుండ్రు" అంది. నాకు అంత కోపంలోనూ నవ్వొచ్చింది.

దర్బారు ఒక ఫంక్షన్ హాల్లో. అంతమంది పాత సైనికులను ఒకచోట చూడటం నాకు అదే మొదటిసారి. కాలు లేనివాళ్లు, ఊతకర్రలవాళ్లు, నెరిసిన మీసాలవాళ్లు, ఎవరి ఛాతీ మీద వాళ్ల మెడల్స్. మా ఊళ్లలో కంది చేలల్లో లుంగీలు ఎగగట్టుకుని తిరిగే మనుషులు వీళ్లేనా అనిపించింది. వేదిక మీద మా జిల్లా ఆఫీసు నడిపే రిటైర్డ్ ఆఫీసరు కూర్చున్నాడు. పక్కన ఆ గుమాస్తా ఒక్కొక్కరి విన్నపం రాసుకుంటున్నాడు. ఒక తల్లి కొడుకు ఫీజు అడిగింది. ఒకాయన ప్రతి జబ్బుకూ హైదరాబాద్ పోలేకపోతున్నాం, జిల్లాలోనే మాకు పెద్ద దవాఖాన కావాలన్నాడు. అందరూ కాగితాలే తెచ్చారు. మా చెక్క ఒక్కటే గోడకు ఆనుకుని నిలబడింది. నేను దానికి దూరంగా, వేరేవాళ్ల మనిషిలా కూర్చున్నాను.

నాయిన పేరు పిలిచారు. నాయిన వెళ్లి సెల్యూట్ కొట్టాడు.  తర్వాత తనే చెక్కను మోసుకొచ్చి, దుప్పటి విప్పి, ఆఫీసరు ముందు నిలబెట్టాడు.

"యే క్యా హై?" అన్నాడు ఆఫీసరు. గొంతులో విసుగు ఉంది. వెనక ఎవరో నవ్వారు. నేను తల వంచుకున్నాను.

"ఆధారం సాబ్" అన్నాడు నాయిన.

ట్రంకు పెట్టె నుంచి తెచ్చిన ఒక కాగితాల కట్ట గుమాస్తా ముందు పెట్టాడు. అవి ఆయన సెలవు చీటీలు. పెళ్లయ్యాక సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఇచ్చినవి, ఒక్కటీ పారేయలేదు. ఆ చీటీలను దాచిపెట్టాడని ఆనాటిదాకా నాకూ తెలియదు, అమ్మకూ తెలియదు. గుమాస్తాకు అర్థమైంది. పై చీటీ తీసి నెల, సంవత్సరం, జాగా చదివాడు. ఆఫీసరు కళ్లజోడు పెట్టుకుని చెక్క దగ్గరికి వంగాడు. పై వరుసలో మొదటి గీత. అదే నెల, అదే సంవత్సరం, జమ్ము. "సహీ" అన్నాడు, సరిపోయిందని. గుమాస్తా రెండో చీటీ చదివాడు. ఆఫీసరు వేలు రెండో గీత మీద ఆగింది. "సహీ." మూడోది. నాలుగోది. మొదటి కొన్ని గీతలు ఒకదాని పక్కన ఒకటి ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆ తర్వాత ఆఫీసరు వేలు కొద్దికొద్దిగా కిందికి దిగడం మొదలుపెట్టింది. అస్సాం, సహీ. రాజస్థాన్, సహీ. మళ్లీ జమ్ము, సహీ. చీటీ చదవడం, వేలు దిగడం, సహీ.  వెనక వరుసలవాళ్లు లేచి నిలబడ్డారు. ఊతకర్రలవాళ్లు కూడా లేచారు. ఒక్కరూ మళ్లీ కూర్చోలేదు.

 పుట్టినప్పటి నుంచి రోజూ ఆ దర్వాజలో నుంచే లోపలికి బయటికి తిరిగాను. పండక్కి దానికి పసుపు రాశాను, బొట్లు పెట్టాను. అది మా అమ్మ బతుకంతా రాసి ఉన్న పుస్తకం అని ఒక్కరోజూ తట్టలేదు. నాయిన ఎక్కడో మంచులో కాపలా కాసిన ప్రతి ఏడూ ఇక్కడ అమ్మ ఎంతెంత తగ్గిందో ఆ మేకు రాసిపెట్టింది. నేను లేచి వెళ్లి చెక్క పట్టుకుని నిలబడ్డాను. సిగ్గు ఎటు పోయిందో తెలియదు.

ఆఖరి గీత దగ్గర ఆఫీసరు ఆగాడు. "అబ్ కిత్నా హై?" అని నాయినను అడిగాడు. నాయిన జేబులో నుంచి మేకు తీశాడు. ఆఫీసరు ఆ మేకు తనే తీసుకున్నాడు. అమ్మ వచ్చి, చెప్పులు విడిచి, చెక్కకు వీపు ఆనించడానికి చూసింది. వీపు ఆనలేదు, నడుం మాత్రమే ఆనింది. ఆఫీసరు గుమాస్తా దగ్గరి స్కేలు అమ్మ నెత్తిన పెట్టి, వంగి, తన చేత్తో గీత గీశాడు. అది నాయిన ఆఖరి గీతకు జానెడు కింద పడింది.

అమ్మ తల పైకెత్తలేక ఆయన బూట్ల వైపే చూస్తూ అంది: "సార్, ఆయన పదిహేడేండ్లు సర్కారు రాసుకున్నది. నాయి గీ చెక్క రాసుకున్నది. రెండు ఒక్కటే లెక్క సార్."

ఆఫీసరు కుర్చీలో కూర్చుని, గుమాస్తా చేతిలోని కాగితం తీసుకుని, మొదటి వరుసలో తనే రాశాడు. సైనికుడు సరిహద్దులో ఉన్న కాలంలో చెడ్డ నీళ్ల ఊళ్లలో ఉండి ఆరోగ్యం పోగొట్టుకున్న కుటుంబాలను సర్వీసులో దెబ్బ తిన్నవాళ్లతో సమానంగా చూడాలని. రాసి పైకి చదివాడు. హాలంతా ఒక్కసారి చప్పట్లు. నేను కొట్టలేదు. నా చప్పట్లు ఎప్పుడో అయిపోయాయి.

"నేను అబద్ధం చెప్పను. ఇది హైదరాబాద్ పోతది. ఏమైతదో నా చేతుల లేదు" అన్నాడాయన నాయినతో, వచ్చీరాని తెలుగులో. "నా చేతుల ఉన్నది ఒక్కటే. నల్లగొండ దవాఖానల గార్డు నౌకరి, ఉండనీకి ఒక రూము. పోయినసారి వద్దన్నవు గదా?"

నిజమే. రెండేళ్ల క్రితం ఈ ఆఫీసు నుంచే ఆ నౌకరీ వస్తే నాయిన ఒంటికాలి మీద లేచాడు. దేశం గేటు కాసినోన్ని, కార్లకు గేటు తియ్యాల్నా అని ఊరంతా వినేలా అన్నాడు. ఇప్పుడు ఆయన అమ్మ వైపు చూశాడు. ఆమె అప్పుడే వంగి, తడుముకుంటూ చెప్పులు వేసుకుంటోంది.

"జీ సాబ్" అన్నాడు.

చెక్కను ఆ ఆఫీసులోనే ఉంచి ఇంటికొచ్చాం, ఆ వారంలోనే ఇద్దరూ నల్లగొండ వెళ్లిపోయారు. ఆ టౌనుకు వచ్చేది కృష్ణ నీళ్లు. దవాఖాన వెనక చిన్న రూము, ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకు మా దర్వాజ చెక్క. నాయిన గార్డు బట్టలు వేసుకుని గేటు దగ్గర నిలబడి, అంబులెన్సు వచ్చిన ప్రతిసారీ గేటు తీసేవాడు. హాస్టల్ నుంచి సెలవుల్లో వెళ్లి నేను ఆ గేటు దగ్గరే ఆయన పక్కన స్టూలు వేసుకుని చదువుకునేదాన్ని. ఆయన ఎప్పుడూ స్టూలు మీద కూర్చోలేదు.

దర్బారులో మొదటి వరుసలో రాసిన మాట హైదరాబాద్ చేరింది. 'పరిశీలనలో ఉంది' అని ఒక ఉత్తరం వచ్చింది. నాయిన ఏటా ఒక అర్జీ పెడతాడు, ఏటా అదే జవాబు వస్తుంది. ఇప్పటికీ ఆ అర్జీ నేనే రాస్తాను. కొన్నాళ్లకు మా ఊరికీ నల్లాల్లో కృష్ణ నీళ్లు వచ్చాయి, ఇప్పుడు పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. వాళ్లు నవ్వితే నేను ఆగి మరీ చూస్తాను.

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. నల్లగొండకు వచ్చి ఏడాది నిండిన రోజు నేను ఆ రూములోనే ఉన్నాను. నాయిన డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాయ తాగకుండా, మేకు తీసుకున్నాడు. అమ్మ వెళ్లి చెక్క దగ్గర నిలబడింది.  నాయిన స్కేలు నెత్తిన పెట్టాడు, మేకు ఆనించాడు. ఆనించి ఆగిపోయాడు. గియ్యడం లేదు.

"ఏమైంది నాయినా?" అన్నాను.

"ఈడ గీత ఉన్నది" అన్నాడు.

నేను దగ్గరికి వెళ్లి చూశాను. మేకు మొన ఆఫీసరు గీసిన గీతలోనే పడింది. వెంట్రుకవాసి కూడా కిందికి దిగలేదు. నాయిన నమ్మలేదు. స్కేలు తీసి మళ్లీ పెట్టాడు. మూడుసార్లు కొలిచాడు, మూడుసార్లూ మేకు అదే గాడిలో దిగింది. పదిహేడేళ్ల సర్వీసులోనూ, ఆ తర్వాతా నా ముందు ఏనాడూ ఏడవని మనిషి, మేకు పట్టుకున్న చేయి చెక్క మీద అలాగే ఉంచి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

అమ్మ కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత, తల ఎత్తకుండానే, చేయి పైకి చాపి ఆయన చేతిలోని మేకు లాక్కుంది.

"ఇగ చాలు. ఈ చెక్క డ్యూటీ అయిపోయింది. తీస్కపోయి ఇంటికి పెట్టు, ఏడాది సంది గోనెపట్ట ఎత్తుకొని కుక్కలు లోపల్కి పోతున్నయంట" అంది.

నాయిన కళ్లు తుడుచుకుని, మడమలు కలిపి, "జీ సాబ్" అన్నాడు.